బైస్‌లో నాలుగు పరుగులు పోయినా మెయిడెన్ ఎలా అవుతుంది?

కీపర్ కాళ్ల మధ్య నుంచి బంతి బౌండరీకి పోయింది, అయినా ఆ ఓవర్‌ని మెయిడెన్ అని రాశారు, స్కోరర్ పొరబడ్డాడా అని అడిగారు. పొరబడలేదండీ. నేను క్లబ్ మ్యాచ్‌లకు స్కోరింగ్ చేస్తుంటాను, ఈ ప్రశ్న తరచూ వింటాను.

మెయిడెన్ అంటే బౌలర్ లెక్కలో ఒక్క పరుగూ పడని పూర్తి ఓవర్. జట్టుకు పరుగులు వచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. బైస్ (బంతి బ్యాట్‌కీ ఒంటికీ తగలకుండా వచ్చిన పరుగులు), లెగ్ బైస్ (బ్యాట్‌కి కాక ఒంటికి తగిలి వచ్చినవి) జట్టు స్కోరులో కలుస్తాయి గానీ బౌలర్ మీద వేయరు. వైడ్, నోబాల్ మాత్రం అతని నెత్తినే. 1980ల మొదట్లో దాకా అవి కూడా బౌలర్‌కి రాసేవారు కాదు, కాబట్టి పాత కార్డుల్లోని అంకెల్ని ఇప్పటివాటితో పోల్చేటప్పుడు కాస్త చూసుకోవాలి.

అసలు గొడవంతా వైడ్ దగ్గరే. వైడ్ బంతి కీపర్‌ని దాటి బౌండరీకి వెళ్తే ఐదు పరుగులూ బౌలర్‌కే పడతాయి. ఆపాల్సింది కీపర్ కదా అని బౌలర్లు నా టేబుల్ దగ్గరికి వచ్చి వాదిస్తారు. నాకూ అది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ రూల్ అంతే. అదే నోబాల్ ఎవరికీ తగలకుండా బౌండరీకి పోతే ఒక్క పరుగే బౌలర్‌ది, మిగతా నాలుగూ బైస్. 2017లో రూల్స్ మార్చాక ఇలా రాస్తున్నాం.

వికెట్ల విషయంలో తికమక తక్కువ. రనౌట్ బౌలర్‌కి రాదు, స్టంపింగ్, హిట్ వికెట్ వస్తాయి.

ఇక 3.4 ఓవర్లలో 22 పరుగులు అని ఉంటే చాలామంది 22ని 3.4తో భాగించి ఎకానమీ (ఓవర్‌కి సగటున ఇచ్చిన పరుగులు) 6.47 అంటారు. అక్కడున్నది దశాంశం కాదు, మూడు ఓవర్ల నాలుగు బంతులు. అంటే 22 బంతులకు 22 పరుగులు, ఎకానమీ సరిగ్గా 6.

అంకెలు ఓవర్లు, మెయిడెన్లు, పరుగులు, వికెట్లు అనే వరుసలో ఉంటాయి. 1999లో ఢిల్లీలో పాకిస్తాన్ మీద కుంబ్లే 26.3-9-74-10 అందరికీ గుర్తే. నాకు మాత్రం 1964లో మద్రాసులో ఇంగ్లండ్ మీద బాపూ నాద్‌కర్ణి వేసిన 32-27-5-0 ఇంకా ఇష్టం. వికెట్ల గడి ఒక్కటే చూసేవాళ్లకి అందులో సున్నా తప్ప ఏమీ కనిపించదు!

మీ కార్డు మీద ఇంకా అనుమానం ఉంటే బౌలర్లందరి పరుగులు కూడి, వాటికి బైస్, లెగ్ బైస్ కలపండి. పెనాల్టీ పరుగులు ఏమైనా ఇచ్చి ఉంటే అవీ కలపాలి. జట్టు స్కోరుతో ట్యాలీ కావాలి. ఇన్నింగ్స్ అవ్వగానే మేం చేసేదీ ఇదే, కానీ ట్యాలీ అయినా లెగ్ బైస్ మరోసారి చూసుకోవాలి. అంపైర్ సిగ్నల్ చూడకపోతే అవి బ్యాటర్ పరుగులుగా, దాంతోపాటు బౌలర్ లెక్కలోకి వెళ్లిపోతాయి, మొత్తం మాత్రం మారదు.