మొదటి కంటైనర్ పంపే ముందు

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

హాంబర్గ్ వాళ్లతో బేరం కుదిరిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన గుంటూరు తేజ మిర్చి నీ చేతి మీదుగా అంత దూరం వెళ్తోందంటే కడుపు నిండింది. నువ్వు పంపిన కాంట్రాక్టు రెండుసార్లు చదివాను. రేటు, తేమ శాతం, పురుగుమందుల అవశేషాల రిపోర్టు అన్నీ చక్కగా ఉన్నాయి. చివరి పేజీ దగ్గర ఆగిపోయాను. ‘ఈ ఒప్పందానికి జర్మనీ చట్టం వర్తిస్తుంది’ అని ఒక్క లైను. దాని లోతు తెలుసుకోకుండా సంతకం పెట్టకు నాన్నా.

సరుకుల అమ్మకానికి దేశానికో చట్టం ఉంటే వ్యాపారం చిక్కుల్లో పడుతుందని 1980లో వియన్నాలో ఐక్యరాజ్యసమితి తరఫున ఉమ్మడి నియమాలు రాశారు. 1988 నుంచి అమల్లో ఉన్నాయి. జర్మనీ, చైనా, అమెరికా, వియత్నాం వాటిలో చేరాయి. మనం చేరలేదు. ‘మనం లేం కదా, మనకేంటి’ అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ జర్మనీలో అవి ఆ దేశపు చట్టంలో భాగం. జర్మనీ చట్టం అని రాసుకుని, ఈ నియమాలు వద్దని విడిగా రాయకపోతే నీ మిర్చి టిక్కీల (బస్తాల) మీదికి వచ్చేది వియన్నా నియమాలే.

అది చెడ్డదని కాదు. చిన్న లోపం చూపించి కొనుగోలుదారు బేరం మొత్తం రద్దు చేసుకోవడం అక్కడ కుదరదు, లోపం పెద్దదై ఉండాలి. చిన్నదైతే ధర తగ్గించమని అడగొచ్చు. అమ్మేవాడికి అది మేలే. మన దేశం కూడా చేరితే బాగుంటుందని నా కోరిక. చిక్కల్లా గడువు దగ్గర. లోపాన్ని ‘సమంజసమైన సమయంలో’ తెలపాలన్నారు, గరిష్ఠంగా రెండేళ్లన్నారు. మిరపకాయకి రెండేళ్లంటే ఎంత కాలమో ఆలోచించు.

నాకు ఒకసారి సరుకు చేరిన అయిదు నెలలకు ఫొటో వచ్చింది. విప్పిన టిక్కీలో తొడిమల దగ్గర బూడిదరంగు బూజు. మన దగ్గర పట్టిందా, వాళ్ల గోడౌన్‌లో పట్టిందా? నా దగ్గర సీలు వేసిన శాంపిల్ లేదు. ఏ దేశపు చట్టమో కాంట్రాక్టులో లేదు. కాయ నాణ్యత సంగతి పక్కన పెట్టి, ఏ చట్టం కింద మాట్లాడాలన్న దాని మీదే ఏడాది గడిచింది. చివరికి సగం ధరకి ఒప్పుకున్నాను. ఆ టెన్షన్ నీకు రాకూడదు.

అందుకే, సరుకు వాళ్ల పోర్టుకి చేరిన పది పదిహేను రోజుల్లో సర్వేయర్ రిపోర్టుతో రాతపూర్వకంగా చెప్పాలి, తర్వాత చెల్లదు అని రాయించు. ఎఫ్ఓబీ (సరుకు ఓడ ఎక్కేదాకా రిస్క్ అమ్మేవాడిదే) బదులు ఎఫ్‌సీఏ (రవాణా వాళ్లకి అప్పగించగానే రిస్క్ కొనేవాడిది) పెట్టు. కంటైనర్‌ని ఓడ ఎక్కడానికి కొన్ని రోజుల ముందే అప్పగిస్తాం కదా, ఆ రోజుల రిస్క్ నీకెందుకు? తగాదా వస్తే కోర్టుకి బదులు ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) అని రాయి. అలాంటి తీర్పుల్ని ఒక దేశంలోవి ఇంకో దేశంలో అమలు చేయించే 1958 న్యూయార్క్ ఒప్పందంలో మనమూ ఉన్నాం, వాళ్లూ ఉన్నారు. మన కోర్టు డిక్రీ పట్టుకుని హాంబర్గ్‌లో డబ్బు రాబట్టడం కంటే మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో (అవార్డుతో) రాబట్టడం సులువు.

మార్చిన కాగితం నాకు పంపు. లోడింగ్ రోజు నేనూ కోల్డ్ స్టోరేజీకి వస్తాను. లాట్‌కి రెండేసి శాంపిళ్లు తీసి, సీళ్లు మనిద్దరి ముందే వేయిద్దాం.

మీ బాబాయి