ఎక్స్.25 మ్యాప్ చేత్తో ఎందుకు రాయాలి?

ఎక్స్.25 అంటే ఫోన్‌లా నంబరు కొట్టి కంప్యూటర్లని కలిపే పాత డేటా నెట్‌వర్కు. ఆ నంబరు పేరు ఎక్స్.121. ఏ ఐపీ అడ్రస్‌కి ఏ నంబరో రౌటర్‌లో రాసుకునే లైనే మ్యాప్. అడ్రస్ తనంతట తానే కనుక్కునే ఏఆర్‌పీ ఉండగా ఐపీ అడ్రస్‌కి ఎదురుగా ఎక్స్.121 నంబరు మనమే ఎందుకు రాయాలని ఒకరు అడిగారు. ఏఆర్‌పీ అంటే "ఈ ఐపీ ఎవరిది?" అని వీధిలో కేకేయడం. ఎక్స్.25 ఎస్‌వీసీలో, అంటే అవసరమైనప్పుడు కాల్ చేసి కలుపుకునే లైన్లో, కాల్ కలిసేదాకా అసలు సర్క్యూటే లేదు, కేక ఎవరికి వినపడుతుంది? ఎస్‌టీడీ బూత్‌కి నంబరు లేకుండా వెళ్లినట్టే. ఫ్రేమ్ రిలే అనే ఇంకో రకం నెట్‌వర్కులో పీవీసీ (శాశ్వత సర్క్యూట్) ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లైను ఎప్పుడూ కలిసే ఉంటుంది కాబట్టి ఇన్వర్స్ ఏఆర్‌పీతో అవతల ఎవరో కనుక్కుంటారు.

1999లో ఒక బ్యాంకు బ్రాంచికి రౌటర్ పెట్టడానికి వెళ్లాను. పొద్దున పదింటికి కూర్చున్నవాణ్ని, మూడు దాటినా లింకు లేవలేదు. కాల్ వెళ్తోంది, వెంటనే క్లియర్ అయిపోతోంది. నా మ్యాప్ లైన్లో ఒక్కో అంకె మీద వేలు పెట్టి పదిసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. మేనేజరుగారు గంటకోసారి వచ్చి "అయ్యిందా బాబూ?" అంటారు. ఆ టెన్షన్‌లో మోడెమ్ కూడా మార్చేశాను.

తప్పు హెడ్డాఫీసులో ఉంది. మ్యాప్ కాల్ చేసేటప్పుడే కాదు, వచ్చిన కాల్ ఎవరిదో పోల్చుకోవడానికీ వాడతారు. పిలిచినవాడి నంబరు తన మ్యాప్‌లో లేకపోతే ఆ రౌటర్ మొహమాటం లేకుండా కోసేస్తుంది. ఈ ముక్క పుస్తకాలు గట్టిగా చెప్పవు. ముందురోజు ఫోన్లో నేను "ట్రిపుల్ టూ" అంటే అక్కడి కుర్రాడు "డబుల్ టూ" రాసుకున్నాడు. ఒక్క 2 తగ్గింది. అంకెల్ని ఇలా డబుల్, ట్రిపుల్ అని చదివే అలవాటు మనకి ఎవరు నేర్పారో గానీ, వాళ్లని ఆ బ్రాంచిలో ఒక పూట కూర్చోబెట్టాలి.

అది సరిచేశాక పింగ్‌కి జవాబు వచ్చింది గానీ రిప్ (రౌటర్లు అందరికీ కేకేసి దారులు చెప్పుకునే పద్ధతి) రూట్లు రాలేదు. ఆ కుర్రాడు మ్యాప్ చివర 'బ్రాడ్‌కాస్ట్' అనే మాట వదిలేశాడు, అది లేకపోతే ఆ కేకలు లైన్లోకి వెళ్లవు. అది కూడా రాయించేసరికి ఐదున్నర.

ఏటీఎం నెట్‌వర్కుల్లో (డబ్బులిచ్చే మిషన్ కాదు, అదో రకం డేటా నెట్‌వర్కు) ఈ బాధ లేదంటారు కొందరు. అక్కడ అడ్రస్ 20 బైట్లు, అంటే 40 హెక్స్ అంకెలు. 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1577 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చి, మ్యాపింగులన్నీ ఏటీఎంఏఆర్‌పీ సర్వర్ చూసుకుంటుందంది. బాగానే ఉంది. ఆ సర్వర్‌ని పిలవడానికి దాని 40 అంకెలూ ప్రతి క్లయింటులో ముందే కొట్టి ఉంచాలి. అవి కూడా ఎవరో ఒకరు ఫోన్లో చదివినవే.