తాతగారి బుర్రకథలు ఏ డిస్కులో దాచాలి?

ప్రశ్న: మా తాతగారు బుర్రకథ చెప్పేవారండి. ఆయన ప్రోగ్రాముల క్యాసెట్లు ఓ ముప్పై ఉంటే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను, దాదాపు 30 గంటలు వచ్చింది. మా పిల్లలదాకా మిగలాలని డిస్కుల్లో రాసి పెడదామనుకుంటున్నా. షాపులో డీవీడీ ఆర్‌డబ్ల్యూ తీసుకోండి, తప్పుపోయినా మళ్లీ రాసుకోవచ్చు అన్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆర్‌డబ్ల్యూ మాత్రం వద్దండి. చెరిపి మళ్లీ రాసుకోడానికి చేసిన డిస్కు అది, ఇంట్లో ఎవరో చూడకుండా చెరిపేస్తే తాతగారి గొంతు పోయినట్టే. దాచుకోడానికి ఒక్కసారే రాసే డిస్కు కొనాలి.

అలా ఒక్కసారే రాసే మామూలు సీడీ-ఆర్, డీవీడీ-ఆర్‌లలో రాత పడేది ఒక రంగు పొర మీద, లేజర్ ఆ రంగుని కాల్చి మచ్చలు పెడుతుంది, ఎండకీ వేడికీ తేమకీ ఆ రంగు ఎండలో ఆరేసిన చీరలా నెమ్మదిగా వెలిసిపోతుంది. సీడీకి ఇంకో బాధ కూడా ఉంది, మెరిసే పొర మీద ఉండేది పల్చటి వార్నిష్ పూత అంతే, అంటే మనం భయంభయంగా చూసుకునే అడుగు వైపు కాదు, పేరు రాసే వైపే అసలు నాజూకు. 2004లో మా చెల్లి పెళ్లి ఫొటోలు సీడీలో రాసి పైన ముచ్చటగా స్టిక్కర్ అంటించాను, ఎనిమిదేళ్లకి దాని అంచు లేచిందని పీకితే వెండి పొర కూడా పెచ్చులా ఊడొచ్చేసింది, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే అవతల వెలుతురు కనిపించింది. జీలకర్రబెల్లం ఫొటోలు ఒక్కటీ రాలేదు. ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, స్టిక్కర్ అంటించొద్దు.

డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి గీతల భయం తక్కువే, రంగు వెలిసే భయం మాత్రం పోలేదు.

నేనైతే బ్లూరే, అంటే బీడీ-ఆర్ తీసుకోమంటాను. వీటిలో ఎక్కువ వాటికి రంగు బదులు లోహం, సిలికాన్ లాంటి వాటితో చేసిన పొర ఉంటుంది, అది వెలుతురుకి అంత తేలిగ్గా లొంగదు. కాకపోతే ప్యాకెట్ తిప్పి చూడండి, ఎల్‌టీహెచ్ అని ఉంటే అక్కడే పెట్టేయండి, అది మళ్లీ రంగుతో చేసిన చౌక రకం, మీకు కావాల్సింది హెచ్‌టీఎల్. కుదించకుండా సీడీ నాణ్యతలో ఉంచిన వేవ్ ఫైళ్లయితే గంటకి 635 ఎంబీ లెక్కన మీ 30 గంటలు 19 జీబీ, 25 జీబీ డిస్కు ఒక్కదాంట్లో పట్టేస్తుంది, డీవీడీలైతే ఐదు కావాలి. చోటు ఉంది కదా, ఎంపీ3 చేసి గొంతు పాడుచేయకండి. డబ్బులు పెట్టగలిగితే ఒక కాపీ ఎమ్-డిస్క్‌లో, అంటే చాలా ఏళ్లు నిలవాలని ప్రత్యేకంగా చేసిన డిస్కులో రాయండి, వెయ్యేళ్లు అన్నది కంపెనీ వాళ్ల మాట, ల్యాబ్‌లో వేడీ తేమా పెట్టి కట్టిన లెక్క అది, మనకి యాభై ఏళ్లు నిలిచినా చాలు.

కొనేటప్పుడు పాత స్టాకు దగ్గర జాగ్రత్త. మన దగ్గర ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉండే డిస్కుల కంపెనీ మోసర్‌బేర్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది, జపాన్ తైయో యూడెన్ 2015లో ఈ వ్యాపారం మానేసింది, సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూరేల తయారీ ఆపేసింది. కాబట్టి ఈ పేర్లతో సీలు తీయని ప్యాకెట్ దొరికితే ఎప్పటిదో కనుక్కోండి, రాయని డిస్కుకి కూడా వయసుంటుంది, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003 గైడ్‌లో 5 నుంచి 10 ఏళ్లు అని రాశారు.

రాసేటప్పుడు టాప్ స్పీడ్ పెట్టకుండా మధ్యలో పెట్టండి, రాసింది సరిగ్గా పడిందో చూసే వెరిఫై టిక్ చేయండి, అయ్యాక వేరే కంప్యూటర్లో కూడా ఒకసారి తెరిచి వినండి. అదే గైడ్ 4 నుంచి 20 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలంటుంది, కాకినాడలో అది ఎలాగూ కుదరదు, కనీసం మే నెలలో స్లాబు కింద అటక మీద పెట్టకండి, గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి లోపలి గది బీరువాలో నిలువుగా పెట్టండి. పేరు నీటి ఇంకు మార్కర్‌తో, మధ్య చిల్లు చుట్టూ ఉన్న పారదర్శకమైన చోట రాయండి. రెండో కాపీ వేరే ఊళ్లో అన్నయ్య దగ్గరో, పిన్ని దగ్గరో ఉంచండి, మూడోది హార్డ్ డిస్కులో, ఏడాదికోసారి అన్నీ తెరిచి చూడండి. ఈమధ్య ల్యాప్‌టాప్‌లకి డిస్కు డ్రైవ్ రావట్లేదు కాబట్టి యూఎస్‌బీ బ్లూరే రైటర్ ఒకటి కొని ఆ డబ్బా పక్కనే పెట్టుకోండి.

అన్నట్టు, కంప్యూటర్లోకి ఎక్కాయి కదా అని క్యాసెట్లు పారేయకండి. ఏ ఫైల్లోనైనా ముక్క తెగిందని తర్వాత తేలితే మళ్లీ ఎక్కించుకోడానికి అవే దిక్కు.