పక్షి వీక్షణ – ప్రశ్నలు, జవాబులు: ఈడర్ల గుంపులో కింగ్ ఈడర్

ప్రశ్న: ఉత్తర అట్లాంటిక్ తీరంలో కామన్ ఈడర్ బాతుల గుంపులో ఒక మగ కింగ్ ఈడర్ ఉందని తెలిసి వెళ్లాను. గుంపులైతే బోలెడు కనిపించాయి కానీ అది మాత్రం దొరకలేదు. నుదుటి మీద అంత పెద్ద నారింజ బొడిపె ఉన్న పక్షి కంటపడకుండా ఎలా పోతుందండీ?

జవాబు: ఆ నారింజ రంగు కోసం వెతకడంతోనే వచ్చింది చిక్కంతా. అలల మీద ఊగుతున్న బాతు అర కిలోమీటరు అవతల ఉంటే బొడిపె రంగు ఆనడం కష్టం. పైగా కామన్ ఈడర్లలో బొరియాలిస్ అనే ఉత్తరాది ఉపజాతి మగవాటి ముక్కు కూడా పసుపు, నారింజ కలిసిన రంగే. సాయంత్రపు ఎండ పడితే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఒక్క క్షణం తడబడతారు.

ముందు వీపు చూడండి. కామన్ ఈడర్ మగది పైన తెలుపు, కింద నలుపు. కింగ్ ఈడర్ మగది ముందు తెలుపు, వెనక నలుపు. రంగులు తెలియనంత దూరం నుంచి కూడా ఈ తేడా తెలుస్తుంది. నల్ల వీపు నీళ్ల నీడలో కలిసిపోతుంది కాబట్టి, పక్కవాటి కంటే తెలుపు పొట్టిగా, ముందువైపే కనిపించే పక్షి దగ్గర ఆగండి. అప్పుడు స్కోప్ (దూరపు పక్షుల్ని చూసే చిన్న టెలిస్కోప్) జూమ్ పెంచి బూడిద నీలం నడినెత్తి, ఎర్ర ముక్కు, నారింజ బొడిపె సరిచూసుకోండి. కింగ్ ఈడర్ వీపు మీద నిక్కపొడుచుకుని ఉండే రెండు చిన్న త్రికోణాలను మాత్రమే నమ్ముకోవద్దు. బొరియాలిస్‌లో కూడా అవి అప్పుడప్పుడు ఉంటాయి. వీపు నలుపూ కాక, తెలుపూ కాక బూడిద రంగులో ఉంటే సంకరజాతి అయ్యుండొచ్చు. ఈ రెండు జాతులూ జతకడతాయి, ఐస్‌లాండ్‌లో అలాంటివి కనిపించాయి.

ఇక వెతికే పద్ధతి. ఈడర్లు మసెల్ ఆల్చిప్పల్ని గుల్లతో సహా మింగేస్తాయి. నీళ్లు తగ్గినప్పుడు ఆ ఆల్చిప్పల మేట లోతు తక్కువవుతుంది, మునిగి తినడం తేలిక. అందుకే పూర్తి ఆటుకు రెండు గంటల ముందే అక్కడ ఉండండి. గుంపు తరచూ కలిసే మునుగుతుంది. మీరు స్కోప్ తిప్పుకుంటూ పోతున్నప్పుడు సగం పక్షులు నీటి అడుగున ఉండొచ్చు. ఒక్కో గుంపు మీద కనీసం మూడు నాలుగు నిమిషాలు నిలవండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు మరోసారి చూడండి. రెండోసారి చూడటం విసుగే, కానీ దొరికేది ఎక్కువగా అప్పుడే. ఎండ మీ వీపు మీద పడే చోటు ఎంచుకోండి. చలికాలపు సూర్యుడు రోజంతా కిందే ఉంటాడు, ఎదురుగా ఉంటే పక్షులన్నీ నల్లటి బొమ్మలే. గాలి తీరం నుంచి సముద్రం వైపు వీస్తే ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా ఉంటాయి. ఎదురుగాలి ఉన్న రోజున సముద్రంలోకి కొమ్ముగా సాగిన నేలకు గాలి తగలని పక్క వెతకండి.

ప్రశ్న: చలికి తట్టుకోలేక కారు కిటికీలోంచి స్కోప్‌తో చూస్తున్నాను. బొమ్మ నీళ్లలో కదిలినట్టు మసకగా ఉంటోంది. లెన్సు పాడైందా?

జవాబు: బహుశా లెన్సులో లోపమేం ఉండదు. హీటర్ వేసిన కారులోని వేడిగాలి కిటికీలోంచి బయటి చల్లగాలిలోకి పోతూ దృశ్యాన్ని చెదరగొడుతుంది. హీటర్ ఆపి, అద్దాలన్నీ దించి, లోపలి వేడి బయటితో సమానమయ్యేదాకా ఆగండి. అసలు ట్రైపాడ్‌తో బయట నిలబడటమే మేలు, అదీ వేడెక్కిన బానెట్‌కి దూరంగా. గాలి కంటే సముద్రం వెచ్చగా ఉన్న రోజున నీటి మీదే ఇలాంటి అలజడి పుడుతుంది. అప్పుడు 60 రెట్ల జూమ్ పెడితే అలజడి కూడా పెద్దదవుతుంది. 25, 30 రెట్ల దగ్గరే ఉంచండి. ఐపీస్ (కన్ను ఆనించే భాగం) మీద ఊపిరి పడకుండా ముఖం కాస్త పక్కకు తిప్పి వదలండి.

ప్రశ్న: ఆడ కింగ్ ఈడర్‌ని, కుర్ర మగదాన్ని గుర్తించడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, దగ్గరగా ఉంటే. ఆడదాని పక్కల మీది గీతలు చూడండి: కామన్ ఈడర్‌కి నిలువు చారలు, కింగ్‌కి బాణం మొనల్లాంటి వంకర గుర్తులు. కామన్ ఈడర్ ముక్కు పొడుగ్గా, నుదుటి నుంచి వాలుగా దిగుతుంది. చెంప మీది ఈకలు మొనదేలి నాసికారంధ్రం కిందిదాకా వస్తాయి. కింగ్ ముక్కు పొట్టి, పక్కల ఈకలు అంత ముందుకు రావు, నోటి చివర పైకి వంగి నవ్వుతున్నట్టు ఉంటుంది. మొదటి శీతాకాలపు మగది ముదురు గోధుమ రంగు తల, తెల్ల రొమ్ముతో ఉంటుంది. కామన్ ఈడర్ కుర్రవాటికీ తెల్ల రొమ్ము వస్తుంది గనక, ముక్కు పసుపు నారింజ ఛాయలో ఉందా, మాసిన బూడిద రంగులో ఉందా అన్నది చూడాలి.

ప్రశ్న: ఫొటో కోసం ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

జవాబు: మీటర్ల లెక్క పనికిరాదు. మునగడం మానేసి, మెడలు నిక్కించి, లోతు వైపు ఈదడం మొదలుపెట్టాయంటే మీరు ఇప్పటికే హద్దు దాటారు, అక్కడే వెనక్కి రండి. గుర్తుకోసమే అయితే స్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి వీడియో తీయండి. అలల మీద ఊగే పక్షిని ఒక్క ఫొటోలో బంధించడం కంటే వీడియోలోంచి మంచి ఫ్రేమ్ తీసుకోవడం సులువు. ఇంకోటి: ఆటు సమయంలో రాళ్ల మీదుగా ముందుకు వెళ్లేవాళ్లు, పోటు తిరిగితే వెనక దారి మునుగుతుందేమో వెళ్లే ముందే చూసుకోవాలి.