చేలో ఒంటరిగా జింక పిల్ల కనిపిస్తే ఏం చేయాలి?

ఆలూరు దగ్గర శెనగ చేలో కృష్ణజింక పిల్ల ఒక్కటే పడుకుని ఉందని, ఇంటికి తెచ్చి పాలు పట్టొచ్చా అని అడిగారు. తొందరపడకండి. తల్లి జింక పిల్లను మొక్కల చాటున దాచి మేతకు పోతుంది, మధ్యమధ్యలో వచ్చి పాలిచ్చి పోతుంది. మనిషి అలికిడైతే పిల్ల చెవులు వెనక్కి వాల్చి, మెడ నేలకు ఆనించి కదలకుండా ఉంటుంది. అది నీరసం కాదు, దాక్కోవడం. కుక్కల్ని తరిమేసి, దూరంగా గట్టు మీది నుంచి చూడండి. మీరు పక్కనే నిలబడితే తల్లి రాదు.

తల్లి చచ్చి పడి ఉన్నా, పిల్లకు గాయమైనా, ఈగలు ముసురుతున్నా అప్పుడు ముట్టుకోవాలి. గాలాడే అట్టపెట్టెలో గోనెసంచి పరిచి, కళ్ల మీద పల్చటి గుడ్డ కప్పి నీడలో ఉంచండి. ఆవు పాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సెల్ఫీలు అసలే వద్దు, ఈ జాతి బెదురుకే ప్రాణం వదిలేస్తుంది. వెంటనే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి, నంబరు లేకపోతే 112కి. ముద్దొస్తోందని ఇంట్లో ఉంచేసుకుంటే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.