సంస్థ తర్వాత పెట్టొచ్చు, ముందు పని నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉంది. ముంబైలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం జీవితమంతా పనిచేసిన మిథు ఆలూర్ గురించి ఎక్కడో చదివింది. అప్పటి నుంచి తానూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక సంస్థ పెడతానని ఒకటే పట్టు. నేను చిరుద్యోగిని. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పిద్దామనుకున్నాం. సేవ మంచిదే, కాదనను. కానీ అది డబ్బున్నవాళ్లు చేసే పని కదా? తనకు ఎలా నచ్చజెప్పాలి?
- ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ భయం వట్టిది కాదు. చేతిలో విద్య లేకుండా, డబ్బు లేకుండా ఉత్సాహంతో సంస్థ తెరిచి, రెండేళ్లు తిరక్కుండానే మూసేసి, నమ్ముకుని వచ్చిన పిల్లల్ని నడిమధ్యలో వదిలేసినవాళ్లను నేను చూశాను. కాబట్టి సంస్థ మాట ఇప్పుడు వద్దనండి. ఆ పిల్లలతో పనిచేయాలన్న కోరికను మాత్రం ఆపకండి. అది మంచి వృత్తి కూడా.

మీ అమ్మాయి చదివిన ఆ జీవితాన్నే తీసుకుందాం. మిథు ఆలూర్ గారి కూతురు మాలినీ చిబ్ 1966లో పుట్టారు. పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినవు, మాట స్పష్టంగా పలకదు. బుద్ధి మాత్రం చురుకు. ఆ రోజుల్లో మన దేశంలో అలాంటి బిడ్డకు తగిన బడి లేదు. అప్పుడు ఆ తల్లి వెంటనే బోర్డు రాయించి తగిలించలేదు. లండన్‌లో ప్రత్యేక విద్యలో శిక్షణ పొందారు. ఆ తర్వాతే, 1972లో, కొద్దిమంది పిల్లలతో ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదలుపెట్టారు. నటి నర్గీస్ తొలి పోషకురాలిగా అండగా నిలిచారు. ఆలూర్ గారికి 1989లో పద్మశ్రీ వచ్చింది. మాలిని డిగ్రీ పూర్తిచేసి, లండన్‌లో పీజీ చదివి, ఒక్క చిటికెన వేలితో టైపు చేసి తన ఆత్మకథ రాసుకున్నారు. మీ అమ్మాయికి ఈ కథలో బహుశా 1972 తర్వాతది ఎక్కువ నచ్చి ఉంటుంది. నాకు మాత్రం దానికి ముందున్న చదువు ముఖ్యమనిపిస్తుంది. దాతలు డబ్బు ఇచ్చింది పని తెలిసిన మనిషిని చూసి.

ఆ పని ఎలా ఉంటుందో మీకు తెలియాలి, మీ అమ్మాయికీ తెలియాలి. ఒకసారి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఎదురుగా మేధో వైకల్యం ఉన్న తొమ్మిదేళ్ల బాబు. ఆ రోజు పాఠం చొక్కా బొత్తాం పెట్టుకోవడం. మనకది ఒక్క పని. ఆవిడ దగ్గరున్న కాగితంలో అది ఎనిమిది మెట్లు. కాజా ఎక్కడుందో చూడాలి, ఒక చేత్తో చొక్కా అంచు పట్టుకోవాలి, బొత్తాన్ని రెండు వేళ్ల మధ్య నిలబెట్టాలి, కాజాలోకి సగం దూర్చాలి, అలా. బొత్తాం మామూలు దానికన్నా పెద్దది. కంటికి ఆనాలని కాజా చుట్టూ ఎర్రదారంతో కుట్టారు. ఏడు మెట్లూ ఆవిడే చేసి, సగం బయటికి వచ్చిన బొత్తాన్ని లాగడం ఒక్కటే బాబుకు వదిలారు. వాడు మూడుసార్లు జారవిడిచాడు. ఆవిడ చెయ్యి సాయం పోలేదు. నాలుగోసారి లాగేసి "పెట్టేశా" అన్నాడు. ఇలా చివరి నుంచి మొదటికి నేర్పడం ఒక పద్ధతి. పని పూర్తిచేసిన సంతోషం ప్రతిసారీ పిల్లవాడికే దక్కుతుంది. ఆవిడ కాగితం మీద ఎనిమిదో మెట్టు ఎదుట ఒక గుర్తు పెట్టుకున్నారు. ఏడో మెట్టు మరో రోజు. జాలిపడే మనిషైతే ఆ బొత్తాం తనే పెట్టేసి బాబును ఇంటికి పంపేవారు.

ఇక చదువు సంగతి. డిగ్రీ చేతికొస్తోంది కాబట్టి మీ అమ్మాయికి సూటి దారి రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. మామూలు బీఈడీకి దీనికి తేడా ఏమిటంటే, ఇందులో ఏదో ఒక వైకల్యాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవాలి. మేధో వైకల్యం, వినికిడి లోపం, చూపు లోపం వంటివి వేర్వేరు విభాగాలు. తనకు ఏ పిల్లలతో పనిచేయాలని ఉందో తేల్చుకున్నాకే దరఖాస్తు చేయమనండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మేధో వైకల్యానికి సంబంధించిన కోర్సులకు ముందు అక్కడ విచారించండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదునిచ్చే చికిత్స) కూడా మంచి దారులే కానీ, వాటికి ఇంటర్ తర్వాత మళ్లీ నాలుగేళ్లకు తక్కువ కాకుండా చదవాలి. మీ ఇంటి పరిస్థితికి అది బరువు.

కాలేజీ ఏదైనా, ఫీజు కట్టే ముందు ఒక్కటి చూడండి. ఆ కోర్సుకు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, గుర్తింపు ఉండాలి. కాలేజీవాళ్లు చెప్పిన మాట సరిపోదు, మండలి వెబ్‌సైట్‌లో జాబితా మీరే చూసుకోండి. కోర్సు అయ్యాక అమ్మాయి పేరు ఆ మండలి రిజిస్టర్‌లో ఎక్కాలి. 1992 నాటి చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం నేరం, ఏడాది దాకా జైలు శిక్ష వేయొచ్చు. ఈ గుర్తింపు చూసుకోక రెండేళ్లూ, కట్టిన ఫీజూ పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఉద్యోగాలు ఉన్నాయా అంటే, మునుపటికన్నా ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. ఆ పోస్టులు నోటిఫై చేసి భర్తీ చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు, ఐఈఆర్‌పీలంటారు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్లి నేర్పుతారు. దాచను, అవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతం పనికి తగ్గట్టు ఉండదు. ప్రైవేటు థెరపీ కేంద్రాల్లోనూ మొదటి రెండు మూడేళ్లు చేతికి వచ్చేది తక్కువే. డీఎస్సీ వచ్చేదాకా ఇంట్లో ఆసరా కావాలి. మీరు బ్యాంకు కోచింగ్‌కు తీసి పెట్టిన డబ్బు అక్కడ అక్కరకొస్తుంది. బ్యాంకు పీవో పరీక్షకు వయసు 30 దాకా ఉంటుంది కనుక, రెండేళ్ల బీఈడీతో ఆ దారీ మూసుకుపోదు.

దరఖాస్తుకు ముందు మాత్రం ఒక పని చేయించండి. చివరి పరీక్షలు కాగానే మీకు దగ్గర్లో ఉన్న భవిత కేంద్రంలోనో, ప్రత్యేక పాఠశాలలోనో అనుమతి అడిగి, అమ్మాయిని నెల రోజులు వెళ్లిరానివ్వండి. పండ్లు పంచి ఫొటోలు దిగి రావడం కాదు, పొద్దున బడి తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఉండాలి. పిల్లలకు అన్నం తినిపించడం, లాలాజలం తుడవడం, బాత్రూముకు తీసుకెళ్లడం, నెలంతా నేర్పినా ఒక్క అక్షరం రాకపోవడం, బయట బెంచీ మీద కూర్చున్న తల్లి "మావాడికి మాటలొస్తాయా అమ్మా" అని అడిగితే ఏం చెప్పాలో తెలియకపోవడం, అన్నీ చూడాలి. రోజుకో పేజీ రాసుకోమనండి. ఒకే బిడ్డ గురించి రాస్తే ఇంకా మంచిది.

వీలైతే మీరూ ఒక రోజు తనతో వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చోండి. నెల తిరిగాక కూడా తను ఆ బిడ్డ గురించే మాట్లాడుతుంటే బీఈడీ ఫారం తెప్పించండి. వద్దనిపించిందంటే బ్యాంకు కోచింగ్ ఎటూ ఉంది, అందులో తప్పేమీ లేదు. ఏది తేలినా ఆ నోటుపుస్తకం తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి, ఏ విభాగం తీసుకోవాలో కూర్చుని మాట్లాడుకుందాం.