రెడ్ వైన్‌కీ వైట్ వైన్‌కీ ఒకే గ్లాసు చాలు

రెడ్ వైన్‌కీ వైట్ వైన్‌కీ వేర్వేరు గ్లాసుల సెట్లు కొనాలా అని అడిగారు కదండీ, అక్కర్లేదు. 400 మి.లీ. పట్టే, మధ్యలో వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడే కాడ గ్లాసులు తీసుకోండి. అంచు మందంగా ఉంటే వద్దు. పోసేది 120–150 మి.లీ. మాత్రమే, వెడల్పు భాగం దాటితే వైన్ తిప్పడానికి చోటుండదు, వాసన పైకి రాదు. వైట్ అయితే కాడే పట్టుకోండి, లేదంటే చేతి వేడికి చల్లదనం పోతుంది.

గ్లాసుల్లో అట్టపెట్టె వాసన వస్తోందని కూడా అన్నారు కదా, అది గ్లాసు ఆకారం వల్ల కాదు, బహుశా అలమరలో బోర్లించడం వల్ల. లోపలి గాలి బయటికి పోక మగ్గుతుంది. నిలబెట్టి ఉంచండి, వాడేముందు వేడినీళ్లతో తొలవండి. తుడిచేటప్పుడు ఒక చేత్తో అడుగు, ఇంకో చేత్తో పైభాగం పట్టి మెలిపెట్టారో, కాడ పుటుక్కుమంటుంది. స్పార్క్లింగ్ వైన్ (బుడగలొచ్చేది) కూడా ఇందులో పోయొచ్చు, బుడగలు కాస్త త్వరగా తగ్గుతాయంతే.